పాస్టరమ్మగా బ్రతికిన నాయనమ్మ జీవితాన్ని ఎలా రాయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. నలభై ఏళ్లకు పైగా కృష్ణా, గోదావరి డెల్టా పల్లెల్లో పాస్టరమ్మగా, అంటే పాస్టరుగారి భార్యగా, ఉన్న మీ నాయనమ్మగారు నిరుడు ప్రభువునందు నిద్రించారు. మొదటి సంవత్సరపు జ్ఞాపకార్థ కూడికలో పంచడానికి పదహారు పేజీల చిన్న పుస్తకం వేయాలని మీ ఇంట్లో అనుకున్నారు, రాసే పని పెద్ద మనవడిగా మీ మీద పడింది. తీరా కూర్చుంటే "భక్తిపరురాలు, ప్రార్థనాపరురాలు, అతిథిప్రియురాలు" అన్న మూడు మాటల దగ్గరే కలం ఆగిపోతోంది, అవి ఏ పాస్టరమ్మకైనా సరిపోయే మాటలే కదా, ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆమె గుణాలను రాయకండి, ఆమె వారాన్ని రాయండి. తాతగారి బదిలీల పట్టికను వెన్నెముకగా పెట్టుకొని, ఒక్కొక్క ఊరిలో ఆదివారం మొదలు శనివారం వరకు ఆమె చేతులు ఏ పనిలో ఉండేవో, ఆమె గడప ఎవరెవరు తొక్కేవారో అడిగి తెలుసుకొని రాయండి. పదహారు పేజీలు చాలవని మీరే అంటారు.

నేను పాస్టరుగారి కూతురిని, పాస్టరుగారి భార్యను, ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. అందువల్ల మా సంఘాల్లో ఎవరు పోయినా "అమ్మగారూ, జీవిత చరిత్ర రాసిపెట్టండి" అని నా దగ్గరికే వస్తారు. ఇప్పటికి ముప్పైకి పైగా రాసి ఉంటాను. వాటిలో మొదటిది మా అత్తగారిది, దానిని నేను పూర్తిగా చెడగొట్టాను. మీరు చెప్పిన ఆ మూడు మాటలే అటూ ఇటూ తిప్పి, మధ్యలో సామెతల గ్రంథం ముప్పై ఒకటవ అధ్యాయాన్ని పెట్టి, రెండు పేజీలు నింపాను. మా మరిది దాన్ని గంభీరంగా చదివాడు, అందరూ కళ్లు తుడుచుకున్నారు. కూడిక అయ్యాక వెనుక చాప మీద కూర్చున్న ఒక ముసలమ్మ, రెక్కాడితే గాని డొక్కాడని మనిషి, మెల్లగా నా దగ్గరికి వచ్చి, "అంతా బాగానే రాశావు గానీ అమ్మా, నాకు ఇద్దరు బిడ్డల్ని పురుడు పోసిన సంగతి రాయలేదేం?" అని అడిగింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు తెలియదు. పద్దెనిమిదేళ్లు ఆ ఇంటి కోడలిగా ఉండి కూడా నాకు తెలియదు. తర్వాత వాకబు చేస్తే, పెళ్లయిన కొత్తలో మిషన్ ఆసుపత్రి నర్సు ఒకామె దగ్గర ఆమె ఒక వేసవి అంతా ఉండి ఆ పని నేర్చుకున్నారనీ, దారం, బ్లేడు, డెట్టాలు సీసా ఉన్న రేకు పెట్టె ఒకటి ఎప్పుడూ మంచం కింద సిద్ధంగా ఉండేదనీ బయటపడింది. ఆ పెట్టెను మేము ఆమె పోయిన వారానికే పాత సామాన్లవాడికి వేసేశాము.

కాబట్టి మొదటి హెచ్చరిక: ఇంట్లో వాళ్లను మాత్రమే అడిగి రాయకండి. ఇంట్లో వాళ్లకు అమ్మ తెలుసు, అమ్మమ్మ తెలుసు, పాస్టరమ్మ తెలియదు. ఆమె పని చాలావరకు మనం బడికి వెళ్లినప్పుడో, నిద్రపోయినప్పుడో జరిగింది. మీ చిన్ననాయనమ్మగారు బ్రతికే ఉన్నారని రాశారు, ఆవిడ దగ్గరికి తప్పక వెళ్లండి. అయితే అంతకంటే ముందు తాతగారు పనిచేసిన రెండు మూడు పాత ఊళ్లకు వెళ్లి, గుడి (చర్చి) పక్క ఇళ్లలో డెబ్బై దాటిన ఆడవాళ్లను వెతకండి. "మా నాయనమ్మ ఎలాంటివారు?" అని అడిగితే "దేవత బాబూ" అంటారు, అక్కడితో సరి. "ఆమె మీ ఇంటికి ఎప్పుడు వచ్చారు? ఏం పని మీద వచ్చారు? మీరు వాళ్లింట్లో ఎక్కడ కూర్చునేవారు?" అని అడగండి. నీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవారో కూడా అడగండి. డెల్టా ఊళ్లలో గుడి ఎక్కువగా పల్లెలోనే, అంటే ఊరికి ఎడంగా ఉండే దళితవాడలోనే, ఉండేది, పాస్టరమ్మ పల్లెకూ ఊరికీ మధ్య నడిచిన మనిషి. ఉత్తరం చదివించుకోవడానికో, జాకెట్టు కుట్టించుకోవడానికో, బిడ్డకు జ్వరం మాత్ర కోసమో ఊళ్లో ఆడవాళ్లు ఆమె పెరటి గుమ్మానికి వచ్చేవారు. ఆ రాకపోకలన్నీ బావి గురించి అడిగిన ఒక్క ప్రశ్నతో బయటికి వస్తాయి.

ఇక కాగితాల సంగతి. తాతగారికి అభిషేక పత్రం, బదిలీ ఉత్తర్వులు, సంఘ కమిటీ మినిట్సులో సంతకాలు దండిగా ఉంటాయి. ఆమె గురించి వాటిలో "అయ్యగారు, వారి సతీమణి" అని ఉంటుందే తప్ప పేరు ఉండదు. ఆమె పేరు ఆమె పేరుగానే దొరికే చోట్లు నాకు తెలిసి నాలుగు. జ్ఞానస్నాన పుస్తకం ఒకటి, పెళ్లి పుస్తకం ఒకటి. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లి కాబట్టి వధువు పేరు, వయసు, తండ్రి పేరు, ఇద్దరు సాక్షులు, అన్నిటికీ మించి ఆమె సంతకం అందులో ఉంటాయి. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏట ఆమె చేసిన ఆ సంతకం ఫోటో తీసి పుస్తకం మొదటి పేజీలో వేయండి. మూడవది, ఆమె మిషన్ ఎలిమెంటరీ స్కూల్లో టీచరైతే సర్వీసు రిజిస్టరు. చాలా ఇళ్లలో అయ్యగారి జీతం నెలల తరబడి ఆలస్యమైతే పొయ్యి వెలిగించింది ఈ పంతులమ్మ జీతమే, ఆ మాట రాయడానికి మొహమాటపడకండి. నాలుగవది స్త్రీల సమాజం పుస్తకాలు. ఎసట్లో పోసేముందు సంఘానికని తీసిపెట్టే పిడికెడు బియ్యం లెక్క, సంతలో ఆ బియ్యం అమ్మిన డబ్బు, దానితో కొన్న పెట్రోమాక్సు లైటు, ఇవన్నీ ఆమె చేతిరాతతో అందులో ఉండవచ్చు.

ఒక చిక్కు ఉంది. పుట్టింటి సంఘం, మెట్టినింటి సంఘం ఒకటే కానక్కరలేదు. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది, మీ నాయనమ్మగారు అంతకు ముందే పుట్టారని రాశారు. కాబట్టి వారి పుట్టిల్లు బందరు వైపైతే 1841లో అక్కడ పని మొదలుపెట్టిన చర్చి మిషనరీ సొసైటీ సంఘాల్లోనూ, గుంటూరు వైపైతే 1842లో హయ్యర్ దొర వచ్చి స్థాపించిన లూథరన్ సంఘాల్లోనూ, ఒంగోలు వైపైతే అమెరికన్ బాప్టిస్టు సంఘాల్లోనూ వెతకాలి. బాప్టిస్టు ఇంటి ఆడపిల్ల అయితే పసితనంలో బాప్తిస్మం ఉండదు, పెద్దయ్యాక తన సాక్ష్యం చెప్పి తీసుకున్న తేదీ మాత్రమే దొరుకుతుంది. దాన్ని చూసి పుట్టిన తేదీ లెక్కకట్టి పొరబడినవారిని నేను చూశాను. నేనూ ఒకసారి ఒకామెకు పద్నాలుగేళ్లు తగ్గించి అచ్చు వేయించాను.

తేదీలు చెప్పలేని పెద్దవాళ్లను "ఏ సంవత్సరం?" అని అడిగితే వారు కంగారుపడతారు. మన డెల్టాలో కాలాన్ని ఉప్పెనలతో కొలుస్తారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న ఉప్పెనకు ముందా, తర్వాతా? 1986 ఆగస్టు గోదావరి వరద అప్పటికి వచ్చిందా? 1990 మే గాలివానకు ఏ ఊళ్లో ఉన్నారు? 1996 నవంబరులో కోనసీమలో కొబ్బరిచెట్లు కూలినప్పుడు? ఇలా అడిగితే ఏడాదికి అటూ ఇటూగా సరైన కాలం తేలుతుంది. లెక్కల పుస్తకంలో అణాలు కనిపిస్తే అది బహుశా 1957 ఏప్రిల్‌కు ముందుదని, నయాపైసలు కనిపిస్తే తర్వాతిదని గుర్తుపట్టవచ్చు. దివిసీమ ఉప్పెన గురించి అడిగేటప్పుడు మాత్రం నెమ్మదిగా అడగండి. గుడి గట్టి కట్టడమైన ఊళ్లలో బ్రతికినవారు గుడిలోనే తలదాచుకున్నారు, వారికి గంజి కాచినవారిలో పాస్టరమ్మలు ఉన్నారు, శవాలకు గుడ్డ కప్పినవారిలోనూ ఉన్నారు. నేను అడిగిన ఒకామె రెండు గంటలు నాతో మాట్లాడి, ఆ వారం దగ్గరికి వచ్చేసరికి లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆమె జీవిత చరిత్రలో ఆ వారాన్ని ఒక్క వాక్యంలో రాసి వదిలేశాను, అది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు విషయమైన వారానికి వద్దాం. అది ఆదివారంతో కాదు, శనివారంతో మొదలవుతుంది. పాక గుడి అయితే పేడతో అలకడం, చాపలు దులపడం, లైటుకు మాంటిల్ మార్చడం, ప్రభురాత్రి భోజన సంస్కారపు బల్ల మీద వేసే తెల్లగుడ్డను నీలిమందు పెట్టి ఉతికి గంజి పెట్టడం, మర్నాడు సంస్కారం ఉంటే ఎండుద్రాక్షను నానబెట్టి కాచి వడగట్టడం, ఇవన్నీ ఆమె పనులు. ఆ రసం కాచిన గిన్నె మరి దేనికీ వాడకూడదన్న నియమం మా అమ్మగారింట్లో ఉండేది, పిల్లలం దాన్ని ముట్టుకుంటే చేతుల మీద దెబ్బలు పడేవి. ఆదివారం ఉదయం కీర్తన ఎత్తుకోవడం ఆమె వంతు, ఎందుకంటే హార్మోనియం లేని గుడిలో శ్రుతి ఆమె గొంతే. మధ్యాహ్నానికి ఎంతమంది భోజనానికి వస్తారో తెలియదు. ఆదివారం ఎసట్లో ఎన్ని గిద్దెలు, ఎన్ని సోలలు పోసేవారో అడిగి రాయండి, "అతిథిప్రియురాలు" అన్న మాట తర్వాత మీకు అవసరం ఉండదు. మా అమ్మగారు ఇంటి మనుషులకు ఆరు సోలలైతే ఆదివారం పదకొండు పోసేవారు. ఆ పదకొండూ చాలని రోజున తాను మజ్జిగ తాగి "నాకీరోజు ఉపవాసం" అనేవారు. చిన్నప్పుడు ఆమె భక్తికి మేము ఆశ్చర్యపోయేవాళ్లం. పెళ్లయి, నా ఇంటి ఎసరు నేను పెట్టుకున్నాక గాని నాకు ఆ ఉపవాసం సంగతి అర్థం కాలేదు.

సోమవారం నుంచి బడి, సాయంత్రాలు గృహకూడికలు, వారం మధ్యలో స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. వీటిని పేర్లు చెప్పి దాటేయవచ్చు, అందరికీ తెలిసినవే. తెలియనిది రాత్రి వేళ. తాగి కొట్టిన మొగుడి దగ్గరి నుంచి పిల్లలను చంకన వేసుకొని వచ్చిన ఆడదానికి ఆ ఊళ్లో తలుపు తట్టడానికి ఉన్న ఇల్లు పాస్టరుగారి ఇల్లు. అయ్యగారు వీధిలోకి వెళ్లి ఆ మొగుడితో మాట్లాడేవారు, అమ్మగారు లోపల చాప పరిచేవారు. అటువంటి రాత్రులు మీ నాయనమ్మగారి ఇంట్లో ఉన్నాయా అని మీ మేనత్తలను అడగండి. ఆడపిల్లలకు గుర్తుంటుంది, ఎందుకంటే ఆ రాత్రి తమ దుప్పటి ఇచ్చేయవలసి వచ్చింది వాళ్లే.

ఇక్కడ రెండవ హెచ్చరిక, ఇది మొదటిదానికంటే ముఖ్యమైనది. ఆమె ట్రంకుపెట్టెలో ప్రార్థన పుస్తకం దొరికిందని, అందులో పేజీల నిండా పేర్లున్నాయని, దాన్ని యథాతథంగా అచ్చు వేస్తే బాగుంటుందని రాశారు. వేయకండి. అవి ఊరికే రాసుకున్న పేర్లు కావు. ఫలానా అమ్మాయికి సంతానం, ఫలానా ఇంట అప్పు, ఫలానా కుర్రవాడి తాగుడు అని ఆడవాళ్లు ఆమె చెవిలో చెప్పుకున్నవి. నేను ఒకసారి అటువంటి పుస్తకంలోని ఒకే ఒక పంక్తిని, పేరు తీసేసి, ఎంతో అందంగా ఉందని ఒక జీవిత చరిత్రలో చేర్చాను. ఊరి పేరు, బిడ్డ వయసు ఉండడంతో అందరూ గుర్తుపట్టారు, ఆ కుటుంబం రెండేళ్లు గుడికి రాలేదు. పుస్తకం అట్ట ఫోటో వేయండి, అరిగిపోయిన అంచులు కనిపించేలా వేయండి, లోపలి పేజీలు మీ కుటుంబం దగ్గరే ఉండనివ్వండి. మార్చి మొదటి శుక్రవారం జరిగే ప్రపంచ ప్రార్థన దినపు క్రమాల పుస్తకాలు ఆ పెట్టెలో ఉంటే మాత్రం నిరభ్యంతరంగా వాడుకోవచ్చు. ఏటా ఒక దేశపు స్త్రీలు రాసే క్రమం అది. తన జిల్లా దాటి ఎరుగని మనిషి ఎక్కడో ఉన్న దేశపు ఆడవాళ్ల కష్టాల కింద పెన్సిలుతో గీతలు గీసుకోవడం మా అత్తగారి పుస్తకాల్లో నేను చూశాను.

ఇంటి గురించి ఒక పేజీ తప్పక కేటాయించండి. పాస్టరమ్మకు ఎప్పుడూ ఇల్లు ఉంటుంది, సొంత ఇల్లు ఉండదు. పాదు పెట్టిన బీర కాయకముందే బదిలీ వస్తుంది. పిల్లల బడి మధ్యలో ఆగుతుంది. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, నెలాఖరుకు బంగళా తాళాలు అడుగుతారు. అయ్యగారు ఉద్యోగంలో ఉండగానే పోతే పరిస్థితి ఇంకా కష్టం, దినాలు గడవకముందే కొత్త అయ్యగారి సామాను వచ్చి వసారాలో దిగుతుంది. నా పరిచయస్తురాలు ఒకామె అలా ముగ్గురు పిల్లలతో తమ్ముడి ఇంటికి చేరింది. మీ నాయనమ్మగారికి తన పేరున గాని తాతగారి పేరున గాని ఇల్లు ఎప్పుడు ఏర్పడింది, అప్పుడు ఆమె వయసెంత, ఆ పెరట్లో మొదట ఏం నాటారు, ఇవి రాయండి.

"నాన్నమ్మ సంఘానికే అంతా ఇచ్చేసింది, మాకేం మిగిల్చింది అని మా బాబాయి అంటుంటారు, అది రాయాలా వద్దా?" అనికూడా అడిగారు. రాయాలి, అయితే ఆయన అనుమతితో, ఆయన మాటల్లోనే. పాస్టరుగారి పిల్లలకు ఆ బాధ ఉంటుంది. క్రిస్మస్‌కు ఊరంతటికీ అరిసెలు వండే అమ్మ తమ పుట్టినరోజు మరిచిపోయిందని నా సొంత కొడుకు నాతో అన్నాడు, అది నిజం. దాన్ని దాచిపెడితే మిగిలినదంతా కూడా అనుమానంగానే కనిపిస్తుంది.

కొందరికి మరో సందేహం వస్తుంది, ఈమె కేవలం భార్యగా ఉండి చేసిన పనులను పరిచర్య అని రాయవచ్చా అని. దోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్యగారు 1912లో అభిషేకం పొందిన సంగతి మన సంఘాల్లో బడిపిల్లలకూ తెలుసు. ఆయన భార్య అన్బు అమ్మగారు అక్కడి తల్లుల సమాజాన్ని నడిపిన సంగతి ఎందరికి తెలుసు? ఒక స్త్రీ, పుష్పలలితగారు, నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతానికి) బిషప్పు అయింది 2013లో. మీ నాయనమ్మగారు పెళ్లి చేసుకున్న కాలంలో ఒక ఆడపిల్లకు పిలుపు ఉంటే వెళ్లగలిగిన దారులు ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పే బైబిలు స్త్రీగానో, నర్సుగానో, పంతులమ్మగానో, పాస్టరుగారి భార్యగానో ఉండడమే. కాబట్టి పరిచర్య అనే రాయండి, సంకోచం వద్దు.

ఒక మినహాయింపు. ఇదంతా బదిలీలు ఉండే సంఘాలకు సరిపోతుంది. ఇది చదువుతున్నవారిలో స్వతంత్ర సంఘాలవారు ఉంటే, వారికి బదిలీల పట్టిక ఉండదు, పాస్టరమ్మ ఒకే ఊళ్లో జీవితమంతా గడుపుతుంది, తరచుగా వాక్యం కూడా తానే చెబుతుంది. అక్కడ కట్టడమే వెన్నెముక: పాకలో ఉన్న రోజులు, రేకుల షెడ్డు రోజులు, స్లాబు పడ్డాక రోజులు. స్లాబుకు ఎవరి గాజులు అమ్మారో అడగండి.

మనవళ్ల భాగాన్ని చివరికి ఉంచుకోండి, పొడవుగా రాయకండి. పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రికలో అవ్వయైన లోయి ప్రస్తావన ఒకే ఒక్క వచనం, ఆమె ఏం వండిందో, ఏం నేర్పిందో అందులో లేదు. ఆ లోటు మీ పుస్తకంలో ఉండకూడదు. మీకు ఆమె మొదట కంఠస్థం చేయించిన వాక్యం ఏది, తప్పు చదివితే ఏం చేసేవారు, కువైటులో ఉన్న మీ చెల్లెలికి ఫోనులో ప్రార్థన చేసేటప్పుడు ముందుగా ఏం అడిగేవారు? తిన్నావా అని అడిగేవారని మీరే రాశారు, దాన్ని అలాగే వేయండి. అట్ట మీద ఫోటో కింద "ఫలానా అయ్యగారి సతీమణి" అని కాకుండా ఆమె పూర్తి పేరు, పుట్టింటి ఇంటిపేరుతో సహా, ముద్రించండి.

అచ్చుకు ఇచ్చేముందు మొత్తం మీ చిన్ననాయనమ్మగారికి పైకి చదివి వినిపించండి, ఊళ్ల పేర్లలో తప్పులు ఆవిడే పట్టుకుంటారు. కూడిక రోజున చదివిన వెంటనే ముగింపు కీర్తనకు వెళ్లవద్దని, పది నిమిషాలు ఖాళీగా ఉంచమని నడిపించేవారికి ముందే చెప్పండి. వెనుక చాపల మీద నుంచి ఎవరో ఒకరు లేచి "ఇది రాయలేదేం?" అంటారు. అప్పుడు రాసుకోవడానికి వెనుక నాలుగు తెల్ల పేజీలు ఉండేలా పుస్తకాన్ని ఇరవై పేజీలకు కుట్టించండి.